దొరికిపోయినోళ్ల టీ

పోయిన నెల మా అత్తగారిని విజయనగరంలో ఒక డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాను. లోపలికి పంపే ముందు నర్సు బరువు చూసుకోమంది. మా అత్తగారు బరువు మిషను వంకా, బెంచీల మీద కూర్చున్న జనం వంకా ఒకసారి చూసి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, "నాకు మోకాలు నొప్పమ్మా, బరువు కాదు" అంది. నర్సు బతిమాలుతోంది. ఈవిడ కదలదు. నాకు నవ్వాగలేదు. ఆస్పత్రి అని కూడా మరిచిపోయి గట్టిగా నవ్వేశాను. ఆటో దిగి ఇంట్లోకి అడుగుపెట్టేదాకా మా అత్తగారు నాతో మాట్లాడలేదు.

నేను నవ్వింది ఆవిడను చూసి కాదు. ఆస్పత్రి హాలు నిండా జనం ఉండగా తన బరువు తానే కేకేసి చెప్పిన ఒక మనిషి గుర్తొచ్చింది. ఆ మనిషి కిందటేడు వానల్లో పోయింది. నిద్రలోనే పోయింది. కబురు తెలిసి వెళ్లాను. ఆ రోజు చర్చి బయట ఏడ్చినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఏడుస్తూనే ఆవిడ తమను తిట్టిన తిట్లు ఒకరికొకరు చెప్పుకుని నవ్వినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు.

ఆవిడను ఆస్పత్రిలో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. పెద్ద డాక్టరమ్మ అనేవారు. నేనూ అలాగే అంటాను.

పాతపట్నం వైపు ఒక ట్రస్టు ఆస్పత్రి అది. రోగుల్లో సగంమంది ఒడిశా నుంచి వచ్చేవాళ్లు, మిగతా సగం మన జిల్లా వాళ్లు. జ్వరాలు, షుగరు, గుండె, కిడ్నీ, అన్నిటికీ పెద్ద దిక్కు ఆవిడే. భారీ మనిషి. గంజి దట్టంగా పెట్టిన పొందూరు చీర కట్టేది. ఆ చీర బరబరమంటూ వరండాలో వినపడగానే వార్డులో పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవాళ్లు, చుట్ట కాల్చుకోవడానికి మెట్లవైపు వెళ్లినవాళ్లు పరుగున వచ్చి మంచాలెక్కేవాళ్లు. ఆవిడకు నవ్వొస్తే ముందు భుజాలు ఊగేవి, తర్వాత మెడలోని స్టెతస్కోపు ఊగేది, శబ్దం ఆఖర్న వచ్చేది. ఆదివారం చర్చిలో పాడేటప్పుడు మాత్రం అందరికన్నా ఒక చరణం ముందుండేది. పాస్టరుగారు ఆవిడ కోసం ఆగడం మానేసి, ఆవిడ వెనకాలే పరుగెత్తడం అలవాటు చేసుకున్నారని ఆస్పత్రిలో చెప్పుకునేవాళ్లు.

రౌండ్స్‌కు వచ్చినప్పుడు రోగి నాడి కన్నా ముందు క్యారియర్ పట్టుకునేది. "ఏటి తెచ్చేవు సిన్నమ్మా? సోడి అంబలా?" అంటూ మూత తీసి, అరచేతిలో ఆ రాగిజావ రెండు చుక్కలు వేసుకుని నాలికకు రాసుకునేది. "ఓలమ్మో, ఇందులో ఉప్పున్నాదా, ఉప్పులో అంబలున్నాదా? బీపీ మందు నానిస్తన్నాను, జబ్బు నువ్విస్తన్నావు" అని ఆ ఇల్లాలిని తిట్టేది. తిట్లు తిన్నవాళ్లు మర్నాడు ఉప్పు తగ్గించి తెచ్చి, ఆవిడ రుచి చూసేదాకా రోగికి పెట్టేవాళ్లు కాదు.

విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరుగారు ఒకసారి ఆవిడను అడిగారు, ఇంత చదువుకుని రోగులతో ఈ భాషేమిటని. ఆవిడేమీ నొచ్చుకోలేదు. "నానిక్కడ రోగం ఇనడానికి కూకున్నాను బాబూ. పుస్తకం బాసలో అడిగితే వోళ్లు రోగం దాసీసి మర్యాద సూపిస్తారు. మర్యాదకి నాకాడ మందు నేదు" అంది.

నేను ఫార్మసీలో ఫార్మ్-డి చదివి ఆ ఆస్పత్రిలో చేరినప్పుడు, కాగితం ఫైళ్లు పోయి కంప్యూటర్ రికార్డులు వచ్చి కొంతకాలమైంది. వాటికి మందుల మోతాదు చూసే ప్రోగ్రాంను జతచేసి నడిపించడం నా పని. దాని గురించి చెప్పడానికి మొదటిసారి డాక్టర్ల గదిలోకి వెళ్లాను.

"ఏటే గుంటా, నీ మిషను ఏటి సేస్తాది?" అని అడిగింది పెద్ద డాక్టరమ్మ.

"మీరు మందు పేరు టైప్ చేయగానే అది పేషెంటు వయసు, బరువు, ల్యాబు రిపోర్టులు అన్నీ చూస్తుందండీ. కిడ్నీ ఎలా పనిచేస్తోందో లెక్క వేస్తుంది. మోతాదు ఎక్కువైతే చెబుతుంది. ఎంత ఇస్తే సరిపోతుందో కూడా చూపిస్తుంది."

"అంటే ఎనకాతల నిలబడి, ఉప్పెక్కువైపోతంది సూడూ, అంటాదన్నమాట."

"అవునండీ."

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసింది. "మాయమ్మ పోనకాడ్నుంచి నాకలగ సెప్పినోళ్లు నేరే" అంది. తర్వాత బల్ల మీద చెయ్యేసి చరిచింది. "రానీ. బేగి రానీ."

ఆ గదిలో ఎముకల డాక్టరుగారు కూడా ఉన్నారు. కుర్రవాడు, కృష్ణా జిల్లా మనిషి, పెద్ద నగరంలో చదివి వచ్చాడు. ఆయన చేతి నేర్పు గురించి ఆస్పత్రంతా గొప్పగా చెప్పుకునేవారు. ఆయన నావైపు చూసి మెల్లగా నవ్వి, "మేడమ్, ఇన్నేళ్లు చదివింది దీనిచేత చెప్పించుకోవడానికా?" అన్నాడు.

"సదివిందంతా నీకు గుర్తున్నాదేటి?" అంది ఆవిడ. "నాకు నేదు బాబూ. మొన్న కళ్లద్దాలు నెత్తిమీదెట్టుకుని ఊరంతా ఎతికీసేను."

ప్రోగ్రాం మొదలైంది. మొదలైన రోజు నుంచే గోల. కంపెనీ వాళ్లు ఇచ్చిన హెచ్చరికలన్నీ దాంట్లో ఉన్నాయి. జ్వరం మాత్ర రాస్తే కుయ్యిమనేది. విటమిన్ రాస్తే కుయ్యిమనేది. దగ్గు మందు రాస్తే రెండుసార్లు కుయ్యిమనేది. డాక్టర్లు మొదట్లో చదివారు, తర్వాత చదవకుండానే బటన్ నొక్కేయడం నేర్చుకున్నారు. ఎముకల డాక్టరుగారు స్పీకరు వైరే పీకేశాడు.

పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి తన పక్కన కుర్చీ వేయించింది. ఆ వారమంతా ఓపీ అయ్యేదాకా నేనక్కడే కూర్చోవాలి. కుయ్యిమన్న ప్రతిసారీ ఆవిడ రోగివైపు తిరిగి, "ఉండప్పా, ఇది మొరిగింది. ఎందుకో కనుక్కుందాం" అని హెచ్చరిక మొత్తం గట్టిగా చదివేది. చదివి నావైపు తిరిగేది.

"కుక్క ఆకు కదిలినప్పుడల్లా మొరిగితే, దొంగొచ్చిన్నాడు ఎవులు లేస్తారే? పట్టు. ఇది ఎలక. రాసుకో."

అలా పనిచేశాం మేమిద్దరం. ఒక్కొక్క హెచ్చరిక చదవడం, అది ఎలకో పిల్లో దొంగో తేల్చడం. ఎలకకు అసలు మొరగకూడదు. పిల్లికి పక్కన పసుపు గీతలో చిన్న మాట చాలు. దొంగకు మాత్రం తెర ఎర్రబడి ఆగిపోవాలి. ఎందుకిస్తున్నారో కారణం రాస్తే గానీ ముందుకు పోకూడదు. ఒక్కోదాని దగ్గర మాకిద్దరికీ వాదన వచ్చేది. నేను పుస్తకంలో ఉన్నది చెప్పేదాన్ని. ఆవిడ ఒప్పుకుంటే ఒప్పుకునేది, లేకపోతే ఎదురుగా ఉన్న రోగినే అడిగేది. "నువ్వు సెప్పు బావ, ఈ మందుకి కడుపు మండితే నాకు సెప్తావా, మందు మానేసి ఇంట్లో కూకుంటావా?" ఆ బావ "మానేత్తాను" అంటే, "సూసేవా, ఇది పిల్లి కాదు, దొంగే" అని తీర్పు చెప్పేది. తనకన్నా పెద్దవాడైన ప్రతి మగవాడూ ఆవిడకు బావే. నెల తిరిగేసరికి వార్డు నర్సులు కూడా అదే మాట పట్టుకున్నారు. "మేడమ్, నాలుగో మంచానికి దొంగొచ్చినాడు" అని ఫోన్ చేసేవాళ్లు. కొత్తగా వచ్చిన రోగులు పర్సులు తడుముకునేవాళ్లు.

ఆ తర్వాత బరువుల సంగతి బయటపడింది.

ఒకరోజు ఓపీలోకి ఎండిన కొమ్మలాంటి ఒక ముసలమ్మ వచ్చింది. పెద్ద డాక్టరమ్మ మందు టైప్ చేస్తూ ఆగిపోయింది. తెరవైపు చూసింది, ముసలమ్మవైపు చూసింది.

"ఈమె అరవై కేజీలేటే? తడిపి పిండకుండా తూసినా అరవై ఉండదు."

చూస్తే ముందొచ్చిన లావుపాటి షావుకారూ అరవై కేజీలే. ఆ తర్వాత రావలసిన కాలేజీ పిల్లా అరవై కేజీలే. బయట చీటీ రాసే నర్సుకు ఊపిరి సలపని జనం. బరువు గడి నింపకపోతే తెర ముందుకు పోదు. అందుకని అందరికీ అరవై కొట్టేస్తోంది. బరువు మిషను ఎక్కడుందని అడిగితే, డ్రెస్సింగు గది మూల దూది మూటల కింద ఉందన్నారు.

"జనం ఎక్కరు మేడమ్" అంది ఆ నర్సు ఏడుపు మొహంతో. "ఆడోళ్లకి సిగ్గు. మగోళ్లు జోళ్లిప్పమంటే ఇప్పరు. మొన్న ఒకాయన, నానేటి బియ్యం బస్తానా అని తిట్టీసి ఎల్లిపోనాడు."

పెద్ద డాక్టరమ్మ ఆ నర్సును ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి, మిషను పైనున్న మూటలు తీయించి, దాన్ని ఇద్దరిచేత మోయించి హాలు మధ్యలో పెట్టించింది. జనమంతా చూస్తున్నారు. ఆవిడ చెప్పులు విడిచింది. మెడలోంచి స్టెతస్కోపు తీసి నాకిచ్చింది. చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తిపట్టుకుని మిషనెక్కి నిలబడింది. అంకె ఆగేదాకా చూసి, హాలు చివరి బెంచీకి కూడా వినపడేలా కేకేసింది.

"తొంబై రెండు! ఇందులో మా అమ్మ సేతి వంట కొంత, జీడిపప్పు పాకం కొంత. మిగిలినదంతా గేనం! రాండి, నన్ను మించినోళ్లెవులున్నారో సూద్దాం!"

ముందు ఒక ముసలాయన నవ్వాడు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వారు. ఒక లావుపాటి ఆవిడ పక్కనున్న కోడలిచేత సంచి పట్టించి, "నాను మించుతాను, ఉండండి" అంటూ లేచింది. మించలేదు. "ఓడిపోనావు అప్పా" అంటూ పెద్ద డాక్టరమ్మ సొంత అక్కను తట్టినట్టు ఆవిడ భుజం తట్టింది. ఆ పూట నుంచి బరువు మిషను దగ్గర నవ్వులే. మొగుడూ పెళ్లాలు ఒకరి అంకె ఒకరు తొంగిచూసుకునేవాళ్లు. అరవై కేజీలు నిజంగా ఉన్న ఒక మేస్త్రి వస్తే, ఆ చీటీల నర్సు లేచి నమస్కారం పెట్టింది.

ఇంత చేసినా ప్రోగ్రాం మీద డాక్టర్ల గుర్రు పోలేదు. తమ మీద ఎవరో నిఘా పెట్టినట్టు ఉందన్నారు. ఎముకల డాక్టరుగారు ట్రస్టు కార్యదర్శికి మొహం మీదే చెప్పాడు, "ఆపరేషన్ థియేటర్‌లో నా చేతుల్ని నమ్ముతారు, మందు రాసేటప్పుడు నమ్మరా?" అని. హెచ్చరికలు తీసేద్దామా ఉంచుదామా అని తేల్చడానికి కార్యదర్శిగారు డాక్టర్లందరికీ మీటింగు పెట్టారు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా ఆ రోజే తేలాలి. మా నాన్నకు ఫోన్ చేసి, విజయనగరంలో ఏదైనా మందుల షాపులో ఖాళీ ఉందేమో కనుక్కోమని కూడా చెప్పాను.

మీటింగుకు ముందురోజు పొద్దున ఉద్దానం నుంచి ఒక బావ వచ్చి చేరాడు. కొబ్బరి, జీడితోటల రైతు. దారిలో ఎన్ని ఆస్పత్రులున్నా అన్నీ దాటుకుని బస్సెక్కి ఇక్కడికే వచ్చేవాడు. ఆ డాక్టరమ్మ తిడితేగాని తనకు మందు ఎక్కదనేవాడు. కాలికి పుండు, ఒళ్లు కాలిపోయే జ్వరం. వచ్చీ రాగానే రక్తం తీసి ల్యాబుకు పంపారు. పెద్ద డాక్టరమ్మ కాలు చూసి, తిట్టవలసినవన్నీ తిట్టి, కంప్యూటర్ ముందు కూర్చుంది. బలమైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పేరు కొట్టి, మామూలుగా ఇచ్చే మోతాదు వేసింది. కిందటిసారి వచ్చినప్పుడు ఆయన కిడ్నీ పరీక్ష బాగానే ఉంది. అది ఆవిడకు గుర్తుంది.

తెర ఎర్రబడింది. ఆగిపోయింది.

ఆవిడ వెనక ఇద్దరు జూనియర్ డాక్టర్లు, నర్సు, నేను నిలబడి ఉన్నాం. ఆవిడ ఎప్పటిలాగే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఈ ఉదయపు రక్తపరీక్ష ప్రకారం కిడ్నీ పనితీరు బాగా తగ్గింది. ఈ మోతాదు కిడ్నీకి ప్రమాదం..." అక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గింది. రిపోర్టు ల్యాబు నుంచి కాగితం మీద ఇంకా వార్డుకు రాలేదు. కంప్యూటర్లోకి మాత్రం అప్పుడే చేరింది. ఉద్దానం వైపు ఊళ్లకు ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బు సంగతి మా జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆవిడకు అసలే అక్కర్లేదు.

ఆవిడ తెరవైపు చూస్తూ ఉండిపోయింది. నేను ఆవిడ మొహం చూడలేక కిందికి చూస్తున్నాను. అప్పుడు చప్పట్లు వినపడ్డాయి. తలెత్తితే ఆవిడే. కుర్చీలోంచి లేచి నిలబడి, కంప్యూటర్‌కేసి చూస్తూ రెండు చేతులతో చప్పట్లు కొడుతోంది.

"పట్టీసింది! దొంగని పట్టీసింది!" అని నావైపు తిరిగి నా రెండు బుగ్గలూ గట్టిగా పట్టుకుని ఊపేసింది. "దొంగెవులో తెలుసునా? నానే!"

మందు మార్చి రాసింది. ఆ మందు మోతాదును కూడా మిషను చూపించినట్టే తగ్గించింది. తర్వాత నేరుగా బావ మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంది. జూనియర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోగితో చెబుతుందని వాళ్లు అనుకోలేదు.

"బావ, నీ కిడ్నీ నీరసపడింది. నాకు తెలీక గట్టి ఇంజక్సన్ రాసీసేను. అది పొడిసీసుంటే నీ కిడ్నీ ఇంకా పాడైపోను. ఈ మిషను సూసి నా సెయ్యి పట్టుకున్నాది."

బావ మోచేతి మీద పైకి లేచాడు. "పొడవనేదు కదా?"

"నేదు."

"మరింకేటి. ఆపినోడికి ఏదైనా ఇవ్వాల కదా. అది ఏటి తింటాది?"

"కరెంటు తింటాది బావ."

"కరెంటు నానెక్కడ తెత్తును? మా సెట్టు పనసపండు తెప్పిస్తాను. నువ్వు తినీసి, దానికి సెప్పు."

ఆ పండు నిజంగానే వచ్చింది. వార్డంతా పనస వాసన కొట్టింది. బావ పుండు మాని, కర్ర పట్టుకుని నడిచి ఇంటికి వెళ్లాడు. తర్వాత మూడు నెలలకోసారి రక్తపరీక్షకు వచ్చి, ముందు కంప్యూటర్ పెట్టె మీద చెయ్యేసి, ఆ తర్వాతే డాక్టరమ్మకు దండం పెట్టేవాడు.

మర్నాడు మీటింగులో ఎముకల డాక్టరుగారు బాగా మాట్లాడాడు. అబద్ధమేమీ చెప్పలేదు. పని ఆలస్యమవుతుందనీ, అది రోగి మొహం చూడదు, అంకెలే చూస్తుందనీ, రేపు అది తప్పు చెబితే ఎవరిది బాధ్యతనీ అడిగాడు. అందరూ తలలూపారు. కార్యదర్శిగారు పెద్ద డాక్టరమ్మవైపు తిరిగారు.

ఆవిడ నిన్న జరిగిందంతా చెప్పింది. చిలవలు పలవలు లేకుండా, మందు పేరుతో సహా, తాను వేసిన మోతాదుతో సహా. ఆ గదిలో అందరికీ పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ.

"నన్ను పట్టుకున్నాది. బాగున్నాది. ఇప్పుడు నానొక్క మాటడుగుతాను. ఈ మిషనొచ్చిన కాడ్నుంచి మీలో ఎవుల్నీ పట్టుకోనేదా? నానొక్కర్తినే దొంగనా?"

ముందు అందరికన్నా చిన్నదైన డ్యూటీ డాక్టరమ్మాయి చెయ్యెత్తింది. "నన్ను పట్టుకుంది మేడమ్. షుగరు మాత్ర. కిడ్నీ బాగోని తాతగారికి." ఇంకొకాయన గొంతు సవరించుకున్నాడు. "ఫిట్స్ మందు. బరువు చూడలేదు." పిల్లల డాక్టరుగారు నవ్వుతూ వేలెత్తాడు. ఒకరి తర్వాత ఒకరు. చెప్పినవాళ్ల మొహాల్లో సిగ్గు కన్నా తేలికే ఎక్కువ కనిపించింది. ఎముకల డాక్టరుగారు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"సాలు" అంది పెద్ద డాక్టరమ్మ. భుజాలు అప్పుడే ఊగడం మొదలయ్యాయి. "వొచ్చే సెనివారం సాయంత్రం టీ, మిరపకాయ బజ్జీలు నావి. దొరికిపోయినోళ్లందరూ రండి. ఏటి దొరికిందో సెప్పాల, టీ తాగాల. దొరకనోళ్లకు టీ నేదు."

హెచ్చరికలు ఉండిపోయాయి. నా ఉద్యోగమూ ఉండిపోయింది.

అలా మొదలైంది దొరికిపోయినోళ్ల టీ. డాక్టర్ల గది వెనక చిన్న వరండాలో, ఓపీ అయ్యాక. ఆ వారం ఎవరు దొరికితే బజ్జీలు వాళ్ల వంతు. ఏ మందు, ఎంత వేశారు, ఎందుకు వేశారు, అది ఎలా ఆపింది, అన్నీ చెప్పాలి. అక్కడ చెప్పింది బయట ఎగతాళి చేయకూడదు, లోపల ఎంతైనా చేయవచ్చు. డాక్టర్లు ఒకరి తప్పులోంచి ఒకరు నేర్చుకోవడం నేనక్కడే చూశాను. మర్నాడు ఓపీలో ఆ మందు రాసేటప్పుడు ప్రతివాడి చెయ్యీ ఒక్క క్షణం ఆగేది.

ఒక శనివారం మిషనే దొరికిపోయింది. ఒంటిమీద కండ లేని ఒక ముసలమ్మకు రక్తపరీక్ష బాగానే ఉందని చూసి, అది మామూలు మోతాదుకు సరే అంది. పెద్ద డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఆ పరీక్స కండలోంచి వొచ్చే సరుకుని సూస్తాదే. ఈమెకి కండేదీ? కండ నేనోళ్లకి కిడ్నీ బాగోపోయినా బాగున్నట్టే సూపిస్తాది" అంది. ఇంకో పరీక్ష చేయిస్తే ఆవిడ అన్నదే నిజమైంది. మోతాదు తగ్గించింది. మరీ బక్కగా ఉన్నవాళ్లకు ఇలా జాగ్రత్త చెప్పేలా నేను ప్రోగ్రాం మార్పించాను. మిషను తరఫున ఆ వారం బజ్జీలు నన్ను తెప్పించమంది. తెప్పించాను. కంప్యూటర్‌కు కూడా ఒక బజ్జీ పళ్లెంలో పెట్టి పక్కన ఉంచింది.

ఎముకల డాక్టరుగారికి ఆ టీ లేదు. ఆయన గది వరండాకు ఎదురుగానే ఉండేది. బజ్జీల వాసన సరిగ్గా ఆ కిటికీలోకే వెళ్లేది. ఎవరో జాలిపడి ఒక పళ్లెం పంపబోతే పెద్ద డాక్టరమ్మ ఆపేసింది. "వొద్దు. దొరకనోళ్లకు బజ్జీ అరగదు." ఆయనకూ వినపడాలనే కాస్త గట్టిగా అంది. ఆయన కిటికీలోంచి, "నేను ఎప్పటికీ రాను మేడమ్" అన్నాడు. "నువ్వొచ్చిన్నాడు కుర్సీ నానే ఏస్తాను బాబూ" అంది. వాళ్లిద్దరి మధ్య అది ఆటలాగే నడిచింది. నెలలు గడిచాయి. ఆయన పీకేసిన స్పీకరు వైరు అలాగే ఉంది గానీ, ఎర్ర తెర వస్తే చదువుతున్నాడని నర్సులు చెప్పేవాళ్లు.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం. టీ అప్పుడే గ్లాసుల్లో పోశారు. గుమ్మంలో ఎముకల డాక్టరుగారు నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె మరకలతో ఒక పెద్ద కాగితం పొట్లం. తానే వెళ్లి బజ్జీలు కొనుక్కొచ్చాడు.

ఎవరో ఈల వేయబోయారు. పెద్ద డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆయన మొహం మాకన్నా ముందు ఆవిడే చూసింది. లేచి, తాను కూర్చున్న కుర్చీ ఆయన వైపు జరిపింది. తాను గోడ వారగా స్టూలు మీద కూర్చుంది.

"కూకో" అంది. "సెప్పు."

"చెట్టు మీంచి పడిన పాప ఉంది కదండీ, చెయ్యి విరిగింది. నిన్న ఆపరేషన్ చేశాను. బాగా వచ్చింది." ఆయన పొట్లాన్ని ఒళ్లో పెట్టుకునే మాట్లాడుతున్నాడు. "నొప్పికి ఇంజెక్షన్ రాశాను. నా మనసులో ఉంది ఒకటి, ఒకటి పాయింట్ సున్నా. చుక్క పడలేదు, సున్నా పడింది. పది అయింది. పదింతలు."

ఆయన పొట్లం కాగితం అంచు మడతపెట్టాడు.

"అది ఆపింది. ఆగకపోతే... పాప ఊపిరి..." ఆయన ఆపేశాడు. "నేను దాని వైరు పీకాను మేడమ్."

నేను పెద్ద డాక్టరమ్మ ఏమంటుందా అని చూస్తున్నాను. ఇన్నాళ్ల ఆటలో ఇప్పుడు ఆవిడ గెలిచింది. ఒక్క మాట చాలు. ఆవిడ ఆ మాట అనలేదు. ఆయన ఒళ్లోంచి పొట్లం తీసి పక్కన పెట్టింది. ఒక గ్లాసు టీ ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి ఉంచింది.

"పిల్ల ఎలగున్నాది?"

"బాగుంది. మూడు ఇడ్లీలు తింది."

"నొప్పో?"

"లేదు. సరైన మోతాదే ఇచ్చాం. పొద్దున్నుంచీ నేనక్కడే ఉన్నాను."

"ఎల్లి సూద్దాం పద" అంది ఆవిడ. "దొరికిపోయినోళ్లందరూ లెగండి. బజ్జీలు తెచ్చుకోండి, సల్లారిపోతాయి."

గ్లాసులూ బజ్జీలూ చేతుల్లో పట్టుకుని అందరం పిల్లల వార్డులోకి నడిచాం. పాప మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి తలగడ మీద ఉంది. రెండో చేత్తో వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఉంది. తెల్లకోట్ల గుంపు చూసి ఆ తల్లి కంగారుగా లేచింది. ఎముకల డాక్టరుగారు ఆవిడను కూర్చోమని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, జరగబోయింది మొత్తం తానే చెప్పాడు. పెద్ద డాక్టరమ్మ చెప్పమనలేదు. గుమ్మంలోనే ఆగి, మమ్మల్ని కూడా ఆపింది. తల్లి చాలాసేపు కూతురి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత, "అవనేదు కదా బాబూ" అంది. "నువ్వు పొద్దున్నుంచీ ఇక్కడ్నే ఉంటే, నాను ఎందుకో అనుకున్నాను."

ఈ మాటలేవీ పాపకు పట్టలేదు. దాని చూపంతా బజ్జీల మీదే ఉంది. ఒక్కొక్కరి చేతివంకా వరసగా చూసి, చివరికి కట్టు లేని చెయ్యి చాపింది.

"అందరికీ ఉన్నాయి. నాకేదీ?"

పెద్ద డాక్టరమ్మ ఒక బజ్జీ తీసి పైకెత్తి పట్టుకుంది. భుజాలు కదిలాయి. ఎముకల డాక్టరువైపు చూసింది.

"పేసెంటు నీది బాబూ. డోసు నువ్వే సెప్పాల."

ఆయన బజ్జీని చూశాడు, పాపను చూశాడు, నిజంగానే ఆలోచించాడు. "సగం" అన్నాడు. "లోపలి మిరపకాయ తీసేసి."

"సగమేటి?" అంది పాప. "మొత్తం ఎట్టు."

ముందు నవ్వింది ఎముకల డాక్టరుగారే. పెద్ద డాక్టరమ్మ నవ్వు ఎప్పటిలాగే కొంచెం ఆలస్యంగా వచ్చింది. వచ్చాక, గేటు దగ్గర ఆటోవాళ్లు కూడా ఏమైందోనని లోపలికి తొంగిచూశారు.